వెళ్ళేదాన్ని, వెళ్ళాను: ఇటాలియన్ క్రియలకు తెలుగు దారి

ప్రశ్న: మావారి ఉద్యోగం వల్ల ఇటలీలోని తొరీనో వచ్చి ఐదేళ్ళు కావస్తోంది. కూరగాయల కొట్లో, బస్సులో ఏదోలా నెట్టుకొస్తున్నాను. ఇప్పుడు దీర్ఘకాల నివాస కార్డు కోసం ఏ2 అనే ప్రాథమిక స్థాయి భాషా పరీక్ష రాయాలి. ఆ తర్వాత దాని పై మెట్టు బీ1 కూడా రాయాలని ఉంది. ఇంగ్లీషులో ఉన్న ఒక క్రియల పుస్తకం కొన్నాను. ఏడు మూడ్‌లు (చెప్పే తీరులు), ఇరవై ఒక్క టెన్స్‌లు (కాలాలు), ఒక్కోదానికి ఆరేసి రూపాలు! బట్టీ పడుతూనే ఉన్నాను, నోరు తెరిస్తే ఒక్కటీ రాదు. తెలుగును తూర్పు దేశపు ఇటాలియన్ అంటారు కదా, మరి నాకెందుకింత కష్టం? ఇవన్నీ నేర్చుకోవాలా? ఏది ముందు, ఏది తర్వాత? ఇంకో బాధ: రెండో తరగతి చదివే మా అబ్బాయి నేను మాట్లాడిన ప్రతి మాటా దిద్దుతాడు. వాడి ముందు ఇటాలియన్ మాట్లాడటమే మానేశాను.
— తొరీనో నుంచి ఒక పాఠకురాలు

జవాబు: మీ లెక్క సరైనదే. బళ్ళో చెప్పే వ్యాకరణం ప్రకారం ఉన్న సంగతి చెప్పే ఇందికాతీవొలో 8, సందేహం, కోరిక లాంటివి చెప్పే కొంజున్తీవొలో 4, ‘వీలుంటే చేసేదాన్ని’ లాంటివి చెప్పే కొందిత్స్యొనాలెలో 2, ఆజ్ఞ ఇచ్చే ఇంపెరాతీవొలో 1, మనిషిని బట్టి మారని మిగతా మూడు మూడ్‌లలో రెండేసి, అన్నీ కలిపి 21. అయితే ఆ పుస్తకం చెప్పనిది ఒకటుంది. ఈ ఇరవై ఒకటీ సమానం కాదు. ఏ2 పరీక్షకు మీకు గట్టిగా కావలసినవి మూడే: ప్రెజేంతె (వర్తమానం), పస్సాతొ ప్రోస్సిమొ (జరిగిపోయిన పని చెప్పే గతం), ఇంపెర్ఫేత్తొ (అలవాటుగా, సాగుతూ ఉన్న గతం). వాటికి తోడు కొట్లో, ఆఫీసులో వినపడే కొన్ని ఆజ్ఞా రూపాలు, మర్యాదగా ‘నాకు కావాలండీ’ అని అడగడానికి ‘వొర్రేయ్’. అంతే. ఫుతూరొ (భవిష్యత్తు), కొందిత్స్యొనాలె, కొంచెం కొంజున్తీవొ బీ1కి వెళ్ళేటప్పుడు చూసుకోవచ్చు. 2018 చివర్లో వచ్చిన చట్టం నుంచి పౌరసత్వానికి బీ1 అడుగుతున్నారు కాబట్టి ఎలాగూ అటే వెళ్తారు, కానీ ఇప్పటి నుంచే ఆ బరువు నెత్తిన పెట్టుకోకండి.

తూర్పు దేశపు ఇటాలియన్ అన్న బిరుదు పదాల చివర అచ్చులు వినపడటం గురించి పుట్టింది. దాన్ని తలుచుకుని మురిసిపోవచ్చు గానీ క్రియల దగ్గర అది అన్నం పెట్టదు. అన్నం పెట్టే పోలిక వేరే ఉంది, దాన్ని ఎవరూ చెప్పరు. మన భాషలో క్రియ చివర చూస్తే చాలు, చేసింది ఎవరో తెలిసిపోతుంది: వెళ్తాను, వెళ్తావు, వెళ్తాడు. ఇటాలియన్‌లోనూ అంతే: వాదొ, వాయ్, వా. ‘వెళ్ళావా?’ అంటే ‘వెళ్ళాను’ అంటాం, ‘నేను’ అనం. వాళ్ళూ అనరు. ప్రతి వాక్యం ముందూ ‘ఈయొ’ (నేను) తగిలించి మాట్లాడితే ‘నేనైతే వెళ్తాను, నేనైతే తింటాను’ అన్నట్టు వినపడుతుంది. ఈ అలవాటు మీకు పుట్టుకతో ఉంది. ఇంగ్లీషు పుస్తకం చేతికి తీసుకున్న క్షణంలో దాన్ని పక్కన పెట్టేశారు. మీ కష్టానికి కారణం నాకు ఇదే అనిపిస్తోంది: తెలుగులో అనుకున్నది ఇంగ్లీషులోకి తిప్పి, అక్కణ్ణించి ఇటాలియన్‌లోకి తిప్పుతున్నారు. మధ్యలో ఇంగ్లీషు చాలా తేడాలను మింగేస్తుంది. ఆ తేడాలు తెలుగులో ఉన్నాయి, ఇటాలియన్‌లోనూ ఉన్నాయి.

అందరూ ఏడ్చేది గతకాలం దగ్గర కాబట్టి అక్కడే మొదలుపెడదాం. పస్సాతొ ప్రోస్సిమొ ఎప్పుడు, ఇంపెర్ఫేత్తొ ఎప్పుడు? ఇంగ్లీషు పుస్తకాలు దీనికి పేజీలకు పేజీలు నియమాలు రాస్తాయి. మీరు ఒక్క పని చేయండి. ‘చిన్నప్పుడు బడికి నడిచి వెళ్ళేదాన్ని’ అంటారా, ‘నిన్న బడికి వెళ్ళాను’ అంటారా? మొదటిది అందావొ, రెండోది సోనొ అందాత. ‘అమ్మమ్మ రోజూ కథలు చెప్పేది’, ‘మాకు అక్కడ ఇల్లు ఉండేది’, ఇవన్నీ ఇంపెర్ఫేత్తొ. నోట్లోకి ‘-ఏదాన్ని, -ఏవాడు, -ఏది’ వచ్చిందంటే కళ్ళు మూసుకుని ఇంపెర్ఫేత్తొ వాడేయండి. ఒక్క చోట జాగ్రత్త: ‘నువ్వు ఫోన్ చేసినప్పుడు తింటున్నాను’ అని మనం వర్తమానం లాంటి రూపం వాడతాం. ఇటాలియన్‌లో అక్కడ కూడా ఇంపెర్ఫేత్తొయే, మంజావొ.

ఇంకా లోతుకు వెళ్తే తెలుగు మరీ బాగా పనికొస్తుంది. ‘సపేవొ’, ‘ఓ సపూతొ’ రెండూ తెలుసుకోవడానికి సంబంధించిన క్రియ గతకాలాలే. ఇంగ్లీషు గుండా వచ్చినవాళ్ళు వీటి దగ్గర తల పట్టుకుంటారు. మనకేం? మొదటిది ‘నాకు (అప్పటికే) తెలుసు’, రెండోది ‘నాకు తెలిసింది’. అలాగే ‘దొవేవొ పగారె’ అంటే కట్టాల్సి ఉండింది, కట్టారో లేదో చెప్పలేదు. ‘ఓ దొవూతొ పగారె’ అంటే కట్టాల్సి వచ్చింది, డబ్బు పోయింది. జరిమానా గురించి మునిసిపల్ ఆఫీసులో మాట్లాడేటప్పుడు ఈ తేడా చాలా ముఖ్యం!

ఇంపెర్ఫేత్తొ గురించి ఇంకో శుభవార్త. మొత్తం ఇటాలియన్ క్రియల్లో ఇంత బుద్ధిగా ఉండే కాలం ఇంకొకటి లేదు. నిజంగా దారి తప్పేది ‘ఏస్సెరె’ (ఉండటం) ఒక్కటే (ఏరొ, ఏరి, ఏర...). ఫారె (చేయడం), దీరె (చెప్పడం) తేడాగా కనిపిస్తాయి, ఫచేవొ, దిచేవొ అని. వాటి లాటిన్ మూలాలు ఫాకెరె, దీకెరె. ఆ పాత వేరు ఇక్కడ బయటపడుతుంది, అంతే. అందుకే నేను పాఠం చెప్పేటప్పుడు ప్రెజేంతె తర్వాత ఇంపెర్ఫేత్తొనే ఎత్తుకుంటాను. పుస్తకాలు సాధారణంగా పస్సాతొ ప్రోస్సిమొ ముందు పెడతాయి. నాకు ఆ వరుస నచ్చదు.

ఆ పస్సాతొ ప్రోస్సిమొలో మాత్రం తెలుగు సాయం తక్కువ. పక్కన సాయ క్రియగా అవేరె (కలిగి ఉండటం) రావాలా, ఏస్సెరె రావాలా అన్నది కొత్తగానే నేర్చుకోవాలి. వెళ్ళడం, రావడం, పుట్టడం, పోవడం, ఉండిపోవడం, మారడం లాంటివీ, ‘మి’, ‘తి’, ‘సి’ తగిలించుకుని తన మీద తానే చేసుకునే పనులూ (లేవడం, కడుక్కోవడం) ఏస్సెరె. మిగతా ఎక్కువ భాగం అవేరె. కదలిక ఉన్నంత మాత్రాన ఏస్సెరె అనుకోకండి: నడిచాను అంటే ‘ఓ కమ్మినాతొ’. ఏస్సెరెతో వచ్చినప్పుడు మీరు ఆడవాళ్ళు కాబట్టి ‘అందాత’, మీవారు ‘అందాతొ’. దీనికి ఆశ్చర్యపడక్కర్లేదు. మనం కూడా ‘వెళ్ళేదాన్ని’, ‘వెళ్ళేవాణ్ణి’ అని తేడా చూపిస్తాం. మనం ఒక కాలంలో చూపిస్తే వాళ్ళు ఇంకో కాలంలో చూపిస్తారు. ఇక సాయ క్రియ పక్కన వంకరగా వచ్చే ఫాత్తొ, దేత్తొ, స్క్రీత్తొ, లేత్తొ, ప్రేజొ, మేస్సొ, వీస్తొ, అపేర్తొ, క్యూజొ, స్తాతొ, ఈ పదీ ఎక్కాల్లా అప్పజెప్పాల్సినవే. బట్టీ వద్దని నేను అనను. బట్టీ పట్టాల్సింది ఇక్కడ, ఇరవై ఒక్క గళ్ళలో కాదు.

ఇక్కడ మన తెలుగు గుంటలోకి తోసే చోటు ఒకటుంది. మనం ‘లేచి, స్నానం చేసి, తిని, బయల్దేరాను’ అని గొలుసు కడతాం. ఆ ‘తిని’ కోసం తెలుగువాళ్ళు వెతికి వెతికి జెరూన్ద్యొ (-ఆందొ, -ఏందొతో ముగిసే రూపం) పట్టుకుంటారు: ‘మంజాందొ సోనొ ఉషీత’. దానర్థం తింటూ బయటికి వెళ్ళాను అని! చేతిలో ఇడ్లీతో మెట్లు దిగుతున్న మిమ్మల్ని ఊహించుకుంటారు. వాళ్ళు ఆ గొలుసు కట్టరు. లేచాను, స్నానం చేశాను, తిన్నాను, బయల్దేరాను అని వరసగా చెప్పేస్తారు, లేదా ‘దోపొ అవేర్ మంజాతొ’ (తిన్న తర్వాత) అంటారు. ‘-తూ’కి జెరూన్ద్యొ సరే, ‘-ఇ’కి వద్దు. అలాగే ‘రేపు వెళ్తున్నాను’ అని మనమూ అంటాం, ఇంగ్లీషులోనూ అంటారు. ఇటాలియన్‌లో ‘స్తొ అందాందొ’ అంటే ఈ క్షణంలో వెళ్తూ ఉన్నాను అనే. రేపటికి మామూలు ‘దొమాని వాదొ’ చాలు.

అందుకే ఫుతూరొ గురించి తొందర లేదన్నాను. మాటల్లో దగ్గరి భవిష్యత్తుకి ప్రెజేంతెతోనే పని జరిగిపోతుంది. మనం ‘రోజూ వెళ్తాను’కీ ‘రేపు వెళ్తాను’కీ ఒకటే రూపం వాడటం లేదూ? ఆ ఫుతూరొ ఎక్కువగా వినపడే ఇంకో చోటు ఊహ. టైమెంతయిందంటే ‘సరాన్నొ లె త్రె’ అంటారు. మూడయి ఉంటుంది. వాడేడీ అంటే ‘సరా అ కాజ’, ఇంట్లో ఉంటాడు లే. ‘సరా పర్తీతొ’, వెళ్ళిపోయి ఉంటాడు. ఈ ‘ఉంటుంది, ఉంటాడు’ మనం రోజుకు ఎన్నిసార్లు అంటామో చూసుకోండి. పుస్తకంలో ఫుతూరొ అంతెరియోరె అని భయపెట్టే గడి ఇదే.

‘మి ప్యాచె’ దగ్గర కూడా ఇంగ్లీషు పక్కన పెట్టండి. ‘నాకు నచ్చుతుంది’. అంతే, అక్షరాలా అదే కట్టు. నచ్చేది ఒకటైతే ‘మి ప్యాచె’, టమాటాలైతే ‘మి ప్యాచ్చొనొ’, మనం ‘నచ్చుతాయి’ అన్నట్టే. నాకు అనిపిస్తుంది, నాకు కావాలి, నాకు లోటుగా ఉంది, వీటికి వాళ్ళు వాడే ‘మి సేంబ్ర’, ‘మి సేర్వె’, ‘మి మాంక’ అన్నీ ఇదే వరస. ఇంగ్లీషువాళ్ళు దీని మీద నెలలు కుస్తీ పడతారు.

ఇక కొంజున్తీవొ. దీని పేరు చెబితే ఇటాలియన్లే తడబడతారు, రాజకీయ నాయకులు తప్పు వాడితే పత్రికల్లో ఎగతాళి చేస్తారు. మీరు భయపడటంలో వింత లేదు. కానీ మీరు ఐదేళ్ళుగా దాన్ని వింటూనే ఉన్నారు. కొట్టువాడు ‘దీక, సిన్యోర’ (చెప్పండమ్మా) అంటాడు కదా, ఆ ‘దీక’ కొంజున్తీవొ. ‘స్కూజి’ (క్షమించండి), ‘సేంత’ (వినండి), ‘వేంగ’ (రండి) అన్నీ అవే. మర్యాదగా ‘మీరు’ అని ఆజ్ఞాపించడానికి వాళ్ళకు ఇంకో రూపం లేదు, కొంజున్తీవొనే అరువు తెచ్చుకుంటారు. కాబట్టి దీన్ని పట్టికలోంచి కాదు, కొట్లోంచి నేర్చుకోండి. స్నేహితురాలికి ‘స్కూజ’, తెలియనివాళ్ళకు ‘స్కూజి’. స్నేహితురాలికి ‘ప్రేంది’ (తీసుకో), పెద్దావిడకు ‘ప్రేంద’. అచ్చులు తారుమారు కావడం గమనించారా? -ఆరెతో ముగిసే క్రియలకు మర్యాద ‘ఇ’తో, మిగతావాటికి ‘అ’తో. ఈ ఒక్క తారుమారు పట్టుబడితే కొంజున్తీవొ ప్రెజేంతె సగం వచ్చినట్టే. ఏకవచనంలో ముగ్గురికీ ఒకటే రూపం కూడానూ.

ఆజ్ఞ కాకుండా వాక్యం మధ్యలో ఎక్కడ వాడాలంటే, మళ్ళీ తెలుగునే అడగండి. ‘ఏమో’ పెట్టాలనిపించిన చోట, ‘-ఆలని’ వచ్చిన చోట, ‘-కముందే’ వచ్చిన చోట వాడండి. వాడికి ఒంట్లో బాగోలేదేమో: ‘పేన్సొ కె సీయ మలాతొ’. నువ్వు రావాలని కోరిక: ‘వోల్యొ కె తు వేంగ’. వాన పడకముందే: ‘ప్రీమ కె ప్యోవ’. తెలిసి చెప్పేటప్పుడు ఏమో లేదు, కొంజున్తీవొ లేదు: ‘సొ కె ఎ మలాతొ’. ఈ కొలబద్ద అన్ని చోట్లా పనిచేయదు. నువ్వు ఇక్కడున్నందుకు సంతోషం అన్నప్పుడు సందేహమేమీ లేకపోయినా కొంజున్తీవొ వస్తుంది. అలాంటివి తర్వాత చూసుకోవచ్చు. మరీ గుండె దడ పట్టుకుంటే ‘పేన్సొ కె’ మానేసి ‘సెకోందొ మె’ అనండి, నా ఉద్దేశంలో అని. దాని తర్వాత మామూలు ‘ఎ మలాతొ’ సరిపోతుంది. తప్పించుకోవడమే, కానీ ఇటాలియన్లు కూడా రోజూ ఇలాగే మాట్లాడతారు.

‘అయితే, ఉంటే’ వాక్యాల్లో ఒక సరదా ఉంది. ‘తెలిసుంటే వచ్చేదాన్ని కాదు’ అంటాం. జరగని పని గురించి చెప్పడానికి అలవాటు గతాన్ని తెచ్చుకున్నాం చూశారా, ‘వచ్చేదాన్ని’. మీ వీధిలో ఇటాలియన్లు సరిగ్గా అదే చేస్తారు: ‘సె లొ సపేవొ, నొన్ వెనీవొ’. రెండు చోట్లా ఇంపెర్ఫేత్తొ. మాట్లాడేటప్పుడు ధైర్యంగా వాడండి. బీ1 పరీక్ష కాగితం మీద మాత్రం వద్దు. అక్కడ పద్ధతి ప్రకారం ‘సె లవేస్సి సపూతొ, నొన్ సరేయ్ వెనూత’ అని రాయాలి. ‘వస్తానన్నాడు’ కూడా అలాంటిదే. మాటల్లో ‘ఆ దేత్తొ కె వెనీవ’, కాగితం మీద ‘ఆ దేత్తొ కె సరేబ్బె వెనూతొ’. ఇక్కడ తెలుగూ ఇంగ్లీషూ రెండూ దారి చూపవు, ఊరికే గుర్తుపెట్టుకోవాల్సిందే.

కథల్లో, చరిత్రలో కనిపించే దూరపు గతం పస్సాతొ రెమోతొని మాట్లాడటానికి నేర్చుకోకండి. తొరీనోలో దాదాపు ఎవరూ మాటల్లో వాడరు, అక్కడి పియెమోంతె ప్రాంతపు మాండలికంలోనే ఆ రూపం లేదు. సిసిలీలో అయితే పొద్దున జరిగినదానికి కూడా వాడతారు. మీకు కావలసింది చూస్తే గుర్తుపట్టడం. మీ అబ్బాయి కథల పుస్తకంలో చివరి వాక్యం ‘వీస్సెరొ ఫెలీచి ఎ కొంతేంతి’ (సుఖంగా, సంతోషంగా బతికారు) అని ఉంటుంది, చరిత్ర పాఠంలో ‘దాంతె నాక్క్వె అ ఫిరేంత్సె నెల్ 1265’ (దాంతె 1265లో ఫ్లోరెన్స్‌లో పుట్టాడు) అని. అది అలా జరిగిందని తెలిస్తే చాలు. దానికన్నా వెనకటి గతం త్రపస్సాతొ రెమోతొ ఉన్న పేజీ కనపడితే తిప్పేయండి.

సాధన ఎలా అంటారా? ఆరు రూపాలూ ఒకేసారి వద్దు. మాటల్లో మీకు అవసరమయ్యేవి నేను, నువ్వు, మర్యాద మీరు. ఆ మర్యాద ‘లేయ్’కి ‘ఆమె’ రూపమే సరిపోతుంది కాబట్టి ఒక రూపం కలిసొచ్చింది. ప్రశ్న, జవాబు జంటగా పైకి అనండి: ‘ఆయ్ ఫాత్తొ?’ ‘ఓ ఫాత్తొ’. చేశావా? చేశాను. పట్టికను నిలువుగా చదివితే ఈ మలుపు నోటికి రాదు. క్రియలు కూడా డజను చాలు మొదటికి: ఏస్సెరె, అవేరె, ఫారె, అందారె, వెనీరె, దీరె, దారె, స్తారె, పొతేరె, వొలేరె, దొవేరె, సపేరె. బాగా వాడే వంకర క్రియలు చాలావరకు వీటిలోనే ఉన్నాయి.

నోటుబుక్‌లో తెలుగు లిపిలో రాసుకోండి. నేను ఇక్కడ రాసినట్టే, ఊనిక పడే (నొక్కి పలికే) చోట దీర్ఘం పెట్టి. ఇటాలియన్ త, ద మన త, ద లే, ట, డ కావు. ఊనిక మీకు కొత్త, అందుకే దీర్ఘం. ‘పార్లొ’ అంటే మాట్లాడతాను, ‘పర్లో’ అంటే వాడు మాట్లాడాడు. ‘పార్లనొ’ (వాళ్ళు మాట్లాడతారు)లో ఊనిక మొదటి అక్షరం మీద, మనవాళ్ళు ‘పర్లానొ’ అనేస్తారు. ఒత్తుల సంగతి మీకు చెప్పక్కర్లేదు. ‘పర్లెరేమొ’ అంటే మాట్లాడతాం, ‘పర్లెరేమ్మొ’ అంటే మాట్లాడేవాళ్ళం (వీలుంటే). ఒక్క మ-వత్తు తేడాతో ఫుతూరొ కాస్తా కొందిత్స్యొనాలె అయిపోతుంది. ఇంగ్లీషు చెవికి ఇది వినపడటం కష్టం. అమ్మకూ అమకూ తేడా విని పెరిగిన మీకు ఇట్టే వినపడుతుంది.

ఇక అబ్బాయి. వాడి ముందు మానేయడం నష్టం, ఇంట్లో ఉచితంగా దొరికిన మాస్టారు వాడు. అయితే రెండు షరతులు పెట్టండి. వాక్యం పూర్తయ్యేదాకా ఆపకూడదు, ఒకటి. ‘తప్పు’ అనకుండా సరైన వాక్యం తిరిగి అనాలి, రెండు. ఎందుకలా అని మాత్రం అడగకండి, వాడికి తెలియదు. ఏదో ఒకటి కల్పించి చెబుతాడు. ‘సపేవొ అనాలా, ఓ సపూతొ అనాలా’ అని రెండూ వినిపించి ఏది చెవికి బాగుందో అడిగితే ఠక్కున చెబుతాడు. రాత్రి కథ చదివేటప్పుడు వాడు పస్సాతొ రెమోతొలో ఒక వాక్యం చదివాక, మీరు అదే వాక్యం పస్సాతొ ప్రోస్సిమొలో చెప్పండి: వాడు ‘ప్రేజె’ (తీసుకున్నాడు) అంటే మీరు ‘ఆ ప్రేజొ’. పేజీకి రెండు మూడు వాక్యాలు చాలు, ఎక్కువైతే వాడికి కథ పాడవుతుంది.